1985 నాటి 'టిమ్' 2023లో కొత్తగా ఎందుకు వినిపించింది

మరుగున పడిన రాక్ ఆల్బమ్ మళ్లీ వెలుగులోకి వచ్చిందంటే కారణం చాలాసార్లు బయటిదై ఉంటుంది. ఏదో సినిమాలో ఒక పాట వాడుకుంటారు, పేరున్న గాయని దాన్ని తిరిగి పాడుతుంది, ఎవరో ఒక మంచి వ్యాసం రాస్తారు. ఆల్బమ్ ఉన్నదున్నట్టే ఉంటుంది, వినేవాళ్లు మారతారు. ద రీప్లేస్‌మెంట్స్ బృందం 1985లో తెచ్చిన 'టిమ్' విషయంలో జరిగింది వేరు. అక్కడ ఆల్బమ్ శబ్దమే మారింది. 2023 సెప్టెంబర్‌లో రైనో సంస్థ దాన్ని నాలుగు సీడీలు, ఒక ఎల్పీ ఉన్న పెట్టెగా విడుదల చేసింది. పాటలు అవే, గొంతు అదే, వాయించిన చేతులు అవే. కానీ ఆ రికార్డును ఏళ్ల తరబడి వింటూ వచ్చినవాళ్లకు సైతం అందులో అంత బలమైన డ్రమ్స్ ఉన్నాయని అప్పుడే తెలిసింది.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం చేసుకుంటే మిగతా పాత ఆల్బమ్‌ల సంగతీ తేలుతుంది. ఏ ఆల్బమ్‌కు ఇలాంటి చికిత్స పనికొస్తుందో, దేనికి అసలు అక్కర్లేదో, 'కొత్త ముద్రణ' అని అట్ట మీద రాసినప్పుడు అందులో నిజంగా కొత్తదేమిటో పోల్చుకోవచ్చు.

విమర్శకులు మెచ్చారు, జనం కొనలేదు

రీప్లేస్‌మెంట్స్‌ది అమెరికాలోని మినియాపొలిస్. పాటలు రాసి పాడేది పాల్ వెస్టర్‌బర్గ్, లీడ్ గిటార్ బాబ్ స్టిన్సన్, బేస్ అతని తమ్ముడు టామీ, డ్రమ్స్ క్రిస్ మార్స్. ఊళ్లోని ట్విన్/టోన్ అనే చిన్న లేబుల్ మీద పేరు తెచ్చుకుని, వార్నర్ గొడుగు కింద ఉన్న సైర్‌తో ఒప్పందం చేసుకున్నారు. పెద్ద లేబుల్ మీద వాళ్ల తొలి రికార్డు 'టిమ్'. మొదట బిగ్ స్టార్ బృందం నాటి అలెక్స్ చిల్టన్‌తో కొన్ని పాటలు పట్టారు. తర్వాత అసలు ఆల్బమ్‌కు నిర్మాతగా వచ్చినవాడు టామీ ఎర్డెలీ, అంటే పంక్ బృందం రమోన్స్ తొలి డ్రమ్మర్ టామీ రమోన్. రికార్డింగ్ మినియాపొలిస్‌లోని నికొలెట్ స్టూడియోస్‌లో జరిగింది.

విలేజ్ వాయిస్ పత్రిక అప్పట్లో ఏటా విమర్శకులతో జరిపించిన ఓటింగ్‌లో 1985 సంవత్సరానికి 'టిమ్' రెండో స్థానంలో నిలిచింది. బిల్‌బోర్డ్ ఆల్బమ్ పట్టికలో మాత్రం 183 దాటి పైకి రాలేదు. ఈ రెండు అంకెల మధ్య దూరానికి బృందం స్వభావమూ కొంత కారణమే. 1986 జనవరి 18న సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ కార్యక్రమంలో తాగిన మైకంలో వాయించారు. వెస్టర్‌బర్గ్ మైకుకు దూరంగా అరిచిన బూతు ప్రసారంలోకి వెళ్లిపోయింది, ఆ కార్యక్రమం గుమ్మం వాళ్లకు మూసుకుపోయింది. 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' పాటకు తీసిన నలుపు తెలుపు వీడియోలో బృందం కనిపించదు. పాట పొడవునా తెర మీద ఉండేది మోగుతున్న ఒక స్పీకర్ పెట్టె, చివర్లో దాన్ని కాలితో తన్నడం. వీడియోలతో పేరు తెచ్చుకోవడానికి ససేమిరా అన్న బృందం తన మొత్తం మాటను ఒక్క స్పీకర్‌కు వదిలేసింది. తీరా ఆ స్పీకర్లోంచి వచ్చే శబ్దమే ఆల్బమ్‌కు అతి పెద్ద లోపమైంది.

మిక్స్‌లో ఏం తప్పింది

విడివిడిగా పట్టిన వాయిద్యాలను, గొంతును కలిపి పాటగా కూర్చడమే మిక్స్. 1985 మిక్స్‌ను మామూలు స్పీకర్లలో పెడితే మూడు విషయాలు తెలుస్తాయి. కాలితో మోగించే కిక్ డ్రమ్‌కు కింద బరువు లేదు, గుద్దు బదులు టక్‌మనే చప్పుడే చెవిని చేరుతుంది. కర్రతో కొట్టే స్నేర్ డ్రమ్ చుట్టూ రివర్బ్, అంటే గదిలో మోగే ప్రతిధ్వని, పేరుకుని డ్రమ్స్ పక్క గదిలో వాయిస్తున్నట్టు ఉంటాయి. గిటార్లు రెండూ, గొంతూ మధ్యలోనే ఇరుక్కుని ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. టామీ స్టిన్సన్ అప్పటికి 18 ఏళ్లవాడు, వేళ్లలో చురుకుదనం ఉన్నవాడు. అతని బేస్‌లో ఏ స్వరం మోగుతోందో చాలాచోట్ల ఊహించుకోవలసిందే.

ఎర్డెలీ వినికిడి అప్పటికే దెబ్బతిని ఉందని, మిక్స్ పనిలో చాలాభాగం హెడ్‌ఫోన్స్ మీదే చేశాడని బృందం చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. హెడ్‌ఫోన్స్ మీద మిక్స్ చేస్తే ఏమవుతుందో తెలిస్తే ఆ ఫలితం వింతగా తోచదు. ఎడమ శబ్దం ఎడమ చెవికే, కుడి శబ్దం కుడి చెవికే వెళ్తుంది కాబట్టి కొద్దిగా పక్కకు జరిపినా చాలా దూరం జరిగినట్టు అనిపిస్తుంది. అదే స్పీకర్లలో రెండు చెవులూ రెండు వైపులనూ వింటాయి, ఆ వెడల్పు కరిగిపోయి అంతా నడిమికి చేరుతుంది. తక్కువ పౌనఃపున్యాల సంగతి ఇంకా చిక్కు. 60 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర ఉండే కిక్ బరువును స్పీకర్ ముందు ఒళ్లంతా పట్టుకుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో చెవి ఒక్కటే సాక్షి. ఆ సాక్షి కూడా అలసిపోయి ఉంటే చేయి ఎటు పోతుందో చెప్పలేం. ఎర్డెలీని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వాయింపును టేపు మీదికి చక్కగా పట్టించినవాడూ అతనే, ఆ సంగతి 2023లోనే రుజువైంది.

రీమాస్టర్ వేరు, రీమిక్స్ వేరు

ఈ రెండు మాటలను కలిపేసి వాడటం వల్ల కొనేవాళ్లు తరచూ నిరాశ పడతారు. మిక్స్ అయ్యాక తయారయ్యే స్టీరియో మాస్టర్‌లో రెండే దారులుంటాయి, ఎడమ, కుడి. డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతు, రివర్బ్ అన్నీ వాటిలో కలిసిపోయి ఉంటాయి. రీమాస్టర్ చేసేవాడి చేతికి వచ్చేది ఇదే. కూరలో కరిగిన ఉప్పును ఎవరూ వేరు చేయలేరు. బేస్ వినబడట్లేదని 80 హెర్ట్జ్ దగ్గర పెంచితే కిక్ కూడా పెరుగుతుంది, అడుగున ఉన్న రొద కూడా పెరుగుతుంది. గొంతు ముందుకు రావాలని 3 కిలోహెర్ట్జ్ చుట్టూ పెంచితే గిటార్ల గరుకుదనం, స్నేర్ అంచు చెవిలో గుచ్చుకుంటాయి. రివర్బ్‌ను తీసేయడం మామూలు రీమాస్టర్‌తో కుదిరే పని కాదు. 2008లో 'టిమ్' అదనపు పాటలతో రీమాస్టర్ అయి వచ్చింది. శుభ్రత పెరిగింది కానీ పక్క గదిలోని డ్రమ్స్ పక్క గదిలోనే ఉండిపోయాయి.

రీమిక్స్ అంటే ఇంకా వెనక్కి వెళ్లడం. ఒక్కో వాయిద్యం ఒక్కో ట్రాక్‌గా ఉన్న మల్టీట్రాక్ టేపు దగ్గరికి చేరుకుని, కలిపే పనిని మొదటి నుంచీ చేయడం. రివర్బ్‌ను సాధారణంగా మిక్స్ దశలో కలుపుతారు కాబట్టి మల్టీట్రాక్ మీద స్నేర్ పొడిగానే ఉంటుంది. రికార్డింగ్ రోజునే దాన్ని టేపు మీదికి ఎక్కించి ఉంటే మాత్రం ఇక అంతే. 2023 పెట్టె కోసం ఈ పని చేసింది ఎడ్ స్టేషియం. రమోన్స్ ఆల్బమ్‌లకు పనిచేసిన ఇంజినీరే అతను.

ఆ పెట్టెలో బాగా ఆలోచించి చేసిన ఏర్పాటు ఒకటుంది. మొదటి సీడీలో స్టేషియం రీమిక్స్, రెండో సీడీలో 1985 మిక్స్‌కే 2023లో చేసిన రీమాస్టర్. ఒకే ప్రదర్శన, ఒకే సంవత్సరపు సాంకేతికత, మిక్స్ ఒక్కటే వేరు. రీమాస్టర్ ఎంతవరకు చేయగలదో, రీమిక్స్ ఎక్కడ మొదలవుతుందో చెవితో తేల్చుకోవడానికి ఇంతకు మించిన పాఠం రాక్ సంగీతంలో అరుదు.

టేపు బతికి ఉంటేనే

ఇదంతా మల్టీట్రాక్ టేపు దొరికి, అది మోగితేనే సాధ్యం. డెబ్బైల మధ్య నుంచి తొంభైల తొలినాళ్ల దాకా స్టూడియోల్లో విరివిగా వాడిన చాలా టేపులకు, ముఖ్యంగా వెనుక నల్లటి పూత ఉన్న ఆంపెక్స్ 456 లాంటి రకాలకు, ఒక జబ్బుంది. అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి అంటించి ఉంచే పాలీయురెథేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని ముక్కలవుతుంది. అలాంటి టేపును నేరుగా యంత్రానికి ఎక్కిస్తే కీచుమంటూ నడుస్తుంది, నడుస్తూనే ఆగిపోతుంది. టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్ మీద గోధుమరంగు బంక పేరుకుంటుంది. ఆ బంకే పాట. ఊడి వచ్చినంత మేరా సంగీతం పోయినట్టే.

మందు ఏమిటంటే టేపును వేడిలో పెట్టడం. సుమారు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేడి నిలకడగా ఉండే ప్రయోగశాల ఇంక్యుబేటర్‌లో, పావు అంగుళం టేపుకైతే 8 గంటలు, మల్టీట్రాక్‌కు వాడే 2 అంగుళాల టేపుకు అంతకంటే చాలా ఎక్కువసేపు, మధ్యలో రీలును తిరగేస్తూ ఉంచుతారు. తర్వాత దాదాపు అంతే సమయం చల్లారనిస్తారు. జిగురులో చేరిన తేమ పోయి టేపు కొన్ని వారాలు మామూలుగా నడుస్తుంది, ఆ లోపే డిజిటల్‌లోకి ఎక్కించేయాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని వేడి పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ ఊగుతుంది. మైక్రోవేవ్ సంగతి చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే పెద్ద పొరపాటు పాత అసిటేట్ టేపును వేడి చేయడం. దానికి ఈ జబ్బే రాదు, వేడికి మాత్రం వంకర తిరిగి పెళుసుబారుతుంది. రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అసిటేట్ చుట్ట గుండా కాంతి కనిపిస్తుంది, పాలియెస్టర్ చుట్ట గుండా కనిపించదు. వేడి చేసే ముందు చేయాల్సిన తొలి పరీక్ష అదే.

వేడి చేశాక అతుకులు ఊడతాయి. పాత స్ప్లైసింగ్ టేపు జిగురు ఎండిపోయి ఉంటుంది. అన్నిటినీ ముందే చూసుకుని కొత్తవి వేయకపోతే పాట మధ్యలో టేపు రెండుగా విడిపోతుంది. 2 అంగుళాల టేపు రీలు 2500 అడుగులు. సెకనుకు 30 అంగుళాల వేగంతో అది 16 నిమిషాల 40 సెకన్లు వస్తుంది, అంటే ఒక్కో రీలులో మూడు నాలుగు పాటలు. ఒక్క రీలు పోయినా ఆల్బమ్‌లో మూడో వంతు దాకా పోవచ్చు.

రీలు మొదట్లో రికార్డు చేసి ఉంచిన టోన్లను చాలామంది దాటేసి నేరుగా పాటకు వెళ్తారు. వాటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో స్థాయి, 10 కిలోహెర్ట్జ్‌తో పై పౌనఃపున్యాలు, హెడ్ కోణం, 100 హెర్ట్జ్‌తో అడుగు సరిచూస్తారు. హెడ్ కోణం వెంట్రుకవాసి తప్పినా సింబల్స్ (డ్రమ్స్ పక్కన మోగే కంచు తాళాలు), గిటార్ తీగల మెరుపు మసకబారతాయి, తర్వాత ఎంత ఈక్యూ (పౌనఃపున్యాల సర్దుబాటు) వేసినా అది తిరిగి రాదు. టేపు మీద రొద తగ్గించే డాల్బీ పద్ధతి వాడారా లేదా అన్నది డబ్బా మీది చీటీలో ఉంటుంది. 'డాల్బీ ఏ' రకం వాడిన టేపును డీకోడ్ చేయకుండా ఎక్కిస్తే శబ్దం అసహజంగా పదునెక్కి, రొద పెరుగుతుంది. డీకోడ్ చేసేటప్పుడు స్థాయి సరిపోకపోతే శబ్దం ఊపిరి పీల్చినట్టు పైకీ కిందికీ కదులుతుంది.

పాత మిక్సే దారిపటం

రీమిక్స్ అంటే పాతదాన్ని పక్కన పెట్టేయడం అనుకుంటారు. మంచి రీమిక్స్‌లో పాత మిక్స్ పక్క ట్రాక్‌లో ఎప్పుడూ మోగుతూనే ఉండాలి. మల్టీట్రాక్ మీద పాటకు సంబంధించినవే కాక పక్కన పెట్టినవీ ఉంటాయి. రెండో సారి పాడిన గొంతు, వాడని గిటార్ సోలో, మూసేసిన కీబోర్డు, పాట అయ్యాక ఎవరో అన్న మాట అన్నీ అక్కడే ఉంటాయి. 1985లో ఏ చరణానికి ఏ గొంతు తీసుకున్నారో తెలుసుకోవాలంటే పాత మిక్స్‌తో పక్కపక్కన వినడం ఒక్కటే మార్గం. ఇంకో చిక్కు ఏమిటంటే పాత స్టీరియో మాస్టర్ మీద బ్లేడుతో కోసి అతికిన చోట్లు మల్టీట్రాక్ మీద ఉండవు. ఒక చరణాన్ని కత్తిరించి ఉంటే కొత్త మిక్స్‌లోనూ కత్తిరించాలి, లేదా వదిలేస్తున్నామని తెలిసి వదిలేయాలి. పాట చివర శబ్దం తగ్గుతూ పోయే ఫేడ్ ఎక్కడ మొదలై ఎంతసేపు నడిచిందో కూడా కొలుచుకోవాలి. వినేవాడి జ్ఞాపకంలో పాట అంటే ఇవన్నీ కలిపే.

స్టేషియం పనితనం తెలిసేది ఇక్కడే. డ్రమ్స్‌ను గదిలోకి తెచ్చాడు, బేస్‌కు చోటిచ్చాడు, గిటార్లను చెరో పక్కకు విడదీశాడు. అయినా రికార్డు 2023లో చేసినట్టు ఉండదు, 1985లో ఎవరో జాగ్రత్తగా మిక్స్ చేసినట్టు ఉంటుంది. 'బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్' మొదట్లో గిటార్ తర్వాత వెస్టర్‌బర్గ్ అరుపు, ఆ వెంటనే బృందమంతా దిగడం విని చూడాలి. పాత మిక్స్‌లో అరుపే పెద్దది, బృందం దిగాక పాట చిన్నబోతుంది. కొత్తదాంట్లో బృందం అరుపును మించి వస్తుంది. పాట కట్టుబడిలో ఉన్న ఉద్దేశం అదే.

'లెఫ్ట్ ఆఫ్ ద డయల్' ఇంకో రకంగా తెరుచుకుంటుంది. అమెరికాలో ఎఫ్ఎమ్ పట్టీ ఎడమ చివర, 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ మధ్య, వాణిజ్యేతర స్టేషన్లకు కేటాయించినది. కాలేజీ రేడియోలు ఉండేది అక్కడే, పాట పేరు వాటి గురించే. రీప్లేస్‌మెంట్స్ లాంటి బృందాలను బతికించింది ఆ స్టేషన్లే. కొత్త మిక్స్‌లో క్రిస్ మార్స్ డ్రమ్స్ ఆ పాటను తోసుకుంటూ తీసుకెళ్తాయి. అతనికి దక్కాల్సిన మెప్పు 38 ఏళ్లు ఆలస్యమైందనడం అతిశయోక్తి కాదు.

పోల్చి వినేటప్పుడు

కొంచెం బిగ్గరగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చెవి దాన్ని 'బిగ్గర' అని గుర్తించదు, 'స్పష్టం' అనుకుంటుంది. కాబట్టి రెండు మిక్స్‌లను పోల్చే ముందు స్థాయి సమానం చేయాలి. ఆడాసిటీ లాంటి ఉచిత ఎడిటర్‌లో రెండు ఫైళ్లూ తెరిచి, ఒకే చరణం నుంచి 30 సెకన్లు కోసుకుని, లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌తో రెంటినీ మైనస్ 23 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (చెవికి తోచే బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) తేవాలి. మొదటి స్నేర్ దెబ్బను రెండింటిలో ఒకే గీతకు జరిపి, ఒకదాన్ని మూసి ఒకదాన్ని తెరుస్తూ వినాలి. పీక్ నార్మలైజ్ మాత్రం వాడకూడదు. అది అన్నిటికంటే ఎత్తైన ఒక్క దెబ్బను చూస్తుంది, డ్రమ్స్ బలంగా ఉన్న మిక్స్‌ను అన్యాయంగా కిందికి దించేస్తుంది.

మరీ చిన్న శబ్దంతో విన్నా తీర్పు తప్పుతుంది, ఆ స్థాయిలో చెవికి బేస్ అసలే తక్కువగా అందుతుంది. పక్కవాళ్లతో మాట్లాడాలంటే గొంతు కొంచెం పెంచాల్సినంత స్థాయి చాలు. ముందు స్పీకర్లు, తర్వాత హెడ్‌ఫోన్స్.

చివరి పాట 'హియర్ కమ్స్ ఎ రెగ్యులర్'తో మాత్రం మొదలుపెట్టకూడదు. అకూస్టిక్ గిటార్, గొంతు ప్రధానమైన ఆ పాటలో ఒకదాన్నొకటి కప్పేసేవి తక్కువ, రెండు మిక్స్‌ల మధ్య దూరమూ తక్కువ. 1985లోనూ ఆ పాట పూర్తిగానే చేరింది. 'స్వింగిన్ పార్టీ' వేరే తరహా. 2013లో గాయని లార్డ్ దాన్ని తిరిగి పాడటంతో కొత్త తరానికి చేరింది. నెమ్మదిగా ఊగే ఆ పాటకు పాత మిక్స్‌లోని మసక కొంత నప్పుతుంది కూడా. పాతదే ఇష్టమనేవాళ్ల వాదనకు బలమైన ఆధారం ఈ పాటే, ఆ వాదనలో నిజముంది.

అన్నిటికీ ఇదే మందు కాదు

ఆల్బమ్ మరుగున పడటానికి మిక్సే కారణం కానక్కర్లేదు. బిగ్ స్టార్ 1972లో తెచ్చిన తొలి ఆల్బమ్ శబ్దంలో వంక పెట్టడానికేమీ లేదు. పంపిణీ కుప్పకూలి రికార్డులు దుకాణాలకే చేరలేదు. స్లింట్ బృందం 'స్పైడర్‌ల్యాండ్'ను 1990లో షికాగోలో రికార్డు చేసింది, 1991లో అది బయటికి వచ్చేసరికి బృందమే లేదు. ఊరూరా తిరిగి వాయించి అమ్మేవాళ్లు లేక ఆగిపోయిన రికార్డు అది. బ్రయాన్ పాల్సన్ పట్టిన ఆ శబ్దంలో గుసగుసకూ విస్ఫోటనానికీ మధ్య దూరమే ప్రాణం. 2014లో దానికి రీమాస్టర్ సరిపోయింది, రీమిక్స్ చేసి ఉంటే పాడయ్యేది.

చెడగొట్టిన రీమిక్స్‌కు నమూనా కావాలంటే ఇగీ అండ్ ద స్టూజెస్ వారి 'రా పవర్' ఉంది. 1973లో డేవిడ్ బౌవీ చేసిన మిక్స్ పల్చగా ఉందన్న ఫిర్యాదు పాతది. 1997లో ఇగీ పాప్ స్వయంగా తిరిగి మిక్స్ చేశాడు. బలం వచ్చింది, దాంతోపాటు స్థాయిని డిజిటల్ గరిష్ఠ హద్దుకు కొట్టుకునేదాకా నెట్టేశారు. శబ్ద తరంగాల తలలు నరికినట్టయి పది నిమిషాలకే చెవి అలసిపోతుంది. 2010లో బౌవీ మిక్స్‌నే మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది.

'టిమ్' కొనేటప్పుడూ, వినేటప్పుడూ చూడాల్సింది పాట పేరు పక్కన ఉన్న చిన్న అక్షరాలు. '2008 రీమాస్టర్', '2023 రీమాస్టర్' అని ఉంటే అది ఎర్డెలీ మిక్సే. 'ఎడ్ స్టేషియం మిక్స్' అని ఉన్నది ఒక్కటే కొత్తది. స్ట్రీమింగ్‌లో ఊరికే ఆల్బమ్ పేరుతో వెతికితే ముందుగా పాత మిక్సే ఎదురు కావచ్చు. పెట్టెలోని ఎల్పీ స్టేషియం మిక్స్‌దే, పాత మిక్స్ అందులో సీడీ మీద మాత్రమే ఉంది.